అరవైకీ డెబ్బైకీ నడుమ దిక్కులేని పదేళ్లు

డెబ్బై ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల మేరకు ఉచిత ఆసుపత్రి చికిత్స కల్పించే ఏర్పాటును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనకు ఇది విస్తరణ. సుమారు నాలుగున్నర కోట్ల కుటుంబాలకు చెందిన ఆరు కోట్లమంది వృద్ధులకు దీనివల్ల ప్రయోజనం కలుగుతుందని ప్రభుత్వం అప్పట్లో అంచనా వేసింది. ఆశయం మెచ్చదగినదే. అయితే ఈ దేశంలో ఉద్యోగులు పదవీ విరమణ చేసేది డెబ్బైవ ఏట కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు విరమణ వయసు 60. తెలంగాణలో 2021 నుంచి 61. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62. ప్రైవేటు రంగంలో సాధారణంగా 58 లేదా 60. యాజమాన్యం కల్పించిన బృంద బీమా చాలాచోట్ల ఉద్యోగపు చివరి రోజుతోనే ముగిసిపోతుంది. సర్కారువారి కార్డు మరో పదేళ్లకు గాని చేతికి రాదు. ఈ నడుమకాలాన్ని ఎవరికి వారే ఈదుకోవలసి ఉంటుంది. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, మోకాళ్ల అరుగుదల, కంటి శుక్లాలు ఒకదాని వెంట ఒకటిగా తలుపు తట్టేదీ సరిగ్గా ఈ కాలంలోనే.

ఈ చిక్కు అందరికీ ఒకే తీరుగా లేదన్న మాట నిజం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్ఎస్ ఉంది. పదేళ్ల చందా ఒక్కసారిగా చెల్లించినవారికి జీవితాంతం చెల్లే కార్డు లభిస్తుంది. రైల్వే విశ్రాంత ఉద్యోగులకు 1997 నాటి ఆరోగ్య పథకం, మాజీ సైనికులకు 2003 నుంచి ఈసీహెచ్ఎస్ ఉన్నాయి. సింగరేణి కార్మికులు సైతం విరమణ అనంతర వైద్య పథకంలో చందాదారులుగా చేరవచ్చు. తక్కువ వేతనాలపై పనిచేసి ఈఎస్ఐ పరిధిలో కనీసం అయిదేళ్లు ఉండి వయసు రీత్యా విరమించినవారు నెలకు 10 రూపాయల చొప్పున ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ, తమ జీవిత భాగస్వామికీ వైద్యసేవలు పొందే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. దీని సంగతి తెలిసిన కార్మికులు మాత్రం కొద్దిమందే. తెల్ల రేషన్ కార్డు గల పేదలకు ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేర్లు, పరిమితులు మార్చుకుంటూ రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది.

మిగిలినది మధ్యతరగతి. ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు, గుమస్తాలు, అకౌంటెంట్లు ఈ కోవలోకి వస్తారు. ఈఎస్ఐ వేతన పరిమితి 2017 నుంచి నెలకు 21,000 రూపాయలు. అంతకు మించిన జీతం ఉన్నందుకు అందులో చోటు లేదు. పేదలు కానందుకు ఆరోగ్యశ్రీలో చోటు లేదు. ప్రభుత్వోద్యోగులు కానందుకు సీజీహెచ్ఎస్ దరిచేరనీయదు. భవిష్యనిధి సంస్థ నిర్వహించే 1995 నాటి పింఛను పథకంలో వీరిలో అనేకులకు వచ్చే నెలసరి మొత్తం మందుల దుకాణంలో ఒక్క చీటీకి సరిపోవడం కష్టం. ఆ పథకంలో 2014లో ఖరారు చేసిన కనీస పింఛను వెయ్యి రూపాయలు. 2017-18లో జరిగిన దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం ప్రకారం అరవై దాటినవారిలో ఏదో ఒక ఆరోగ్య బీమా ఉన్నది సుమారు 18 శాతానికే. ప్రజలు వైద్యానికి చేతినుంచి పెట్టే ఖర్చు మొత్తం ఆరోగ్య వ్యయంలో 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గినట్టు జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. సగటు తగ్గడం సంతోషమే. కాని అరవై రెండేళ్ల వ్యక్తికి గుండె శస్త్రచికిత్స అవసరమైనప్పుడు ఆ సగటు అక్కరకు రాదు.

వృద్ధులంటే బీమాకు చేదు

వృద్ధులను బీమా కంపెనీలు దూరం పెట్టడం నిన్నమొన్నటి సంగతి కాదు. 1973లో సాధారణ బీమా జాతీయమైన తరవాత నాలుగు ప్రభుత్వ రంగ సంస్థల గుత్తాధిపత్యం సాగింది. అవి 1986లో మెడిక్లెయిమ్ పాలసీని ప్రవేశపెట్టాయి. జబ్బు పడి క్లెయిము కోరినవారి పాలసీని మరుసటి ఏడు పునరుద్ధరించడానికి నిరాకరించడం ఆనాటి ఆనవాయితీగా ఉండేది. ఈ ధోరణి చివరకు సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రభుత్వ రంగ బీమా సంస్థ ఇచ్ఛానుసారంగా పునరుద్ధరణను తోసిపుచ్చరాదని 2001లో న్యాయస్థానం స్పష్టం చేసింది.

అప్పటికే ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరుచుకున్నాయి. పోటీ పెరిగితే వృద్ధులకు మేలు జరుగుతుందని సంస్కరణవాదులు వాదించారు. జరిగింది వేరు. ఆరోగ్యవంతులైన యువ ఉద్యోగులను బృందాలుగా చేర్చుకోవడానికి సంస్థలు పోటీపడి ధరలు తగ్గించాయి. ఒంటరిగా వచ్చే వృద్ధుడిని మాత్రం గడప దగ్గరే ఆపేశాయి. 2007లో కె.ఎస్. శాస్త్రి అధ్యక్షతన వయోవృద్ధుల ఆరోగ్య బీమాపై ఒక కమిటీని నియమించవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించవచ్చు. ఆ తరవాతనే కనీసం 65 ఏళ్ల వయసు వరకు కొత్త పాలసీలు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. జీవితాంతం పునరుద్ధరించే హక్కు 2013 నాటి నియమావళితో స్థిరపడింది.

హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా ఉన్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024లో మరికొన్ని అడుగులు వేసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల మేరకు అన్ని వయసులవారికీ తగిన పాలసీలను సంస్థలు సిద్ధం చేయాలి. అరవై అయిదు దాటాయన్న కారణంతో తలుపు మూసివేసే పద్ధతికి కాలం చెల్లింది. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు చెల్లింపు నిలిపి ఉంచే నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. మారటోరియంగా వ్యవహరించే గడువును ఎనిమిదేళ్ల నుంచి అయిదేళ్లకు కుదించారు. అంటే అయిదేళ్లపాటు ఎడతెగకుండా ప్రీమియం కట్టిన పాలసీదారు జబ్బు సంగతి దాచిపెట్టాడన్న సాకుతో క్లెయిమును కాదనడానికి వీలుండదు. మోసాన్ని రుజువు చేయగలిగితేనే ఆ అవకాశం ఉంటుంది.

తలుపు తెరవడం వేరు, లోపలికి వెళ్లగలగడం వేరు. డెబ్బై రెండేళ్ల వ్యక్తికైనా పాలసీ అందుబాటులో ఉండాలని నిబంధన చెబుతుంది గాని, దాని ధర ఎంత ఉండాలో చెప్పదు. వైద్య పరీక్షల అనంతరం ప్రీమియం పెంచే అధికారం, కొన్ని సందర్భాల్లో నిరాకరించే అధికారం సంస్థల చేతిలోనే ఉన్నాయి.

యాభై అయిదే కీలకం

విరమణకు చేరువలో ఉన్నవారు ఈ నిబంధనలను తమ వయసుతో కలిపి లెక్క వేసుకోవడం అవసరం. యాభై అయిదవ ఏట సొంత పాలసీ తీసుకున్న వ్యక్తికి పాత జబ్బుల నిరీక్షణ కాలం ఎంత ఎక్కువైనా యాభై ఎనిమిదికి ముగుస్తుంది. అరవై నాటికి మారటోరియం గడువూ పూర్తవుతుంది. అంటే యాజమాన్యపు బీమా ముగిసే రోజున చేతిలో పదునెక్కిన ఆయుధం ఉంటుంది. అదే వ్యక్తి వీడ్కోలు సభ ముగిసిన తరవాత పాలసీకోసం వెతకడం మొదలుపెడితే, మధుమేహానికి సంబంధించిన చికిత్సలకు అరవై మూడు వరకు ఆగవలసి రావచ్చు. వివాదానికి ఆస్కారం లేని రక్షణ అరవై అయిదుకు గాని రాదు. పైగా అరవైలో చేయించే పరీక్షల్లో ఏదో ఒకటి బయటపడే అవకాశం యాభై అయిదులో కంటే సహజంగానే అధికం.

"కంపెనీ ఇచ్చిన బీమా ఉండగా రెండోది దండగ కదా" అన్నది ఉద్యోగుల్లో బలంగా పాతుకుపోయిన అభిప్రాయం. ఆ అయిదేళ్ల ప్రీమియం అప్పటి అవసరానికి కడుతున్నది కాదు. గడువులు పూర్తి చేయడానికి కడుతున్నది. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు తక్కువ మొత్తానికి మూల పాలసీ, దానిపైన సూపర్ టాపప్ తీసుకోవచ్చు. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చులు నిర్ణీత మొత్తం దాటాక, ఉదాహరణకు 5 లక్షలు దాటాక, పై మొత్తాన్ని సూపర్ టాపప్ భరిస్తుంది. అందువల్ల దాని ధర పూర్తి పాలసీ కంటే బాగా తక్కువ. అయితే బీమా మొత్తాన్ని తరవాతెప్పుడో పెంచుకుంటే పెరిగిన భాగానికి నిరీక్షణ కాలం మళ్లీ మొదటినుంచి లెక్కిస్తారు. ఆ పెంచుకునేదేదో విరమణకు ముందే పెంచుకోవడం ఉత్తమం.

మరో మార్గం ఉంది. బృంద బీమా నుంచి వైదొలగుతున్న ఉద్యోగి అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారవచ్చు. బృంద పాలసీలో గడిపిన కాలాన్ని నిరీక్షణ కాలంలోంచి మినహాయిస్తారు. ధర, అంగీకారం మాత్రం సంస్థ పరిశీలనకు లోబడి ఉంటాయి. దరఖాస్తు ముందుగానే, బృంద బీమా ఇంకా అమలులో ఉండగానే చేసుకోవాలి. గ్రాట్యుటీ లెక్కలు, భవిష్యనిధి పత్రాల గురించి పదేపదే గుర్తుచేసే సిబ్బంది విభాగాలు ఈ ఒక్క సంగతి విస్మరిస్తాయి. విరమణకు ఆరు నెలల ముందే ప్రతి ఉద్యోగికీ ఈ హక్కును లిఖితపూర్వకంగా తెలియజేయాలని యాజమాన్యాలను ఆదేశిస్తే ఖజానాకు పైసా ఖర్చు లేదు. ఇంతకాలం ఆ పని ఎందుకు జరగలేదో అంతుపట్టదు.

పది శాతం మర్మం

వృద్ధుల ప్రీమియంలు ఒక్కసారిగా పెరుగుతున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తడంతో ప్రాధికార సంస్థ 2025 జనవరి చివర ఒక ఉత్తర్వు జారీ చేసింది. అరవై, ఆపై వయసువారి ప్రీమియంను ఏడాదికి పది శాతానికి మించి పెంచదలచిన సంస్థలు ముందుగా తమను సంప్రదించాలని ఆదేశించింది. వార్త వచ్చిన రోజున పింఛనుదారుల సంఘాలు ఊపిరి పీల్చుకుని ఉండవచ్చు. కాని పది శాతం వరకు పెంపునకు అడ్డు లేదన్నది ఆ ఉత్తర్వు రెండో ముఖం.

అరవయ్యవ ఏట దంపతుల ప్రీమియం 30,000 రూపాయలనుకుందాం. ఏటా సరిగ్గా పది శాతం చొప్పున పెరిగితే డెబ్బైవ ఏట అది 77,800 రూపాయలు దాటుతుంది. అరవై నుంచి అరవై తొమ్మిది వరకు పదేళ్లలో కట్టిన మొత్తం సుమారు 4 లక్షల 78 వేలు. వడ్డీ దీనికి అదనం. ఆ పదేళ్లలో పింఛను పెరుగుదల ఎంత? ప్రభుత్వోద్యోగికి కరవు భత్యం ఉంది. ప్రైవేటు ఉద్యోగి దాచుకున్న సొమ్ముపై వచ్చే వడ్డీకి అలాంటి భరోసా లేదు. ఫలితంగా వయసు పెరిగి, బీమా నిజంగా అవసరమైన దశలో పాలసీని వదులుకునే దురవస్థ దాపురిస్తుంది. అంతకాలం కట్టినదంతా గంగలో కలిసినట్టే.

పన్నుల విషయంలో కొంత ఊరట లభించింది. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై విధిస్తూ వచ్చిన 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేశారు. అయితే పన్ను పోయినందువల్ల బీమా సంస్థలు తాము కొనే సేవలపై చెల్లించిన పన్నును తిరిగి రాబట్టుకునే వీలు కోల్పోయాయి. ఆ భారాన్ని మూల ప్రీమియంలోకి నెట్టకుండా కనిపెట్టి ఉండటం నియంత్రణ సంస్థ బాధ్యత. ఆదాయపు పన్నులో 80డి సెక్షన్ పేరిట ప్రసిద్ధమైన మినహాయింపు వయోవృద్ధులకు 2018 నుంచి ఏడాదికి 50,000 రూపాయల వరకు ఉంది. బీమా లేని వృద్ధులు నేరుగా పెట్టిన వైద్య ఖర్చుకూ అది వర్తిస్తుంది. కాకపోతే కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి ఈ సదుపాయం లేదు. ప్రభుత్వం ఒక చేత్తో బీమా తీసుకోమంటూ, మరో చేత్తో ఆ ప్రోత్సాహకం లేని విధానంవైపు జనాన్ని మళ్లిస్తున్నది.

చిన్న అక్షరాల చాటున

కళ్లజోడు నంబరు ఏటేటా మారే వయసులోనే అన్నిటికంటె చిన్న అక్షరాలను చదవవలసి రావడం బీమాలోని విడ్డూరం. వృద్ధుల పాలసీల్లో ముందుగా చూడవలసినది కో-పే అనే సహచెల్లింపు నిబంధన. బిల్లులో ఇంత శాతం పాలసీదారే భరించాలని అది చెబుతుంది. ఇరవై శాతం అన్నప్పుడు చిన్నదిగా కనిపిస్తుంది. నాలుగు లక్షల బిల్లులో అది 80,000 రూపాయలు.

రెండవది గది అద్దె పరిమితి. 2020 ఏప్రిల్ నుంచి అన్ని సంస్థలూ ఒకే రూపంలో అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో సహచెల్లింపు 5 శాతం. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 రూపాయలు. శుక్లాల శస్త్రచికిత్సకు కంటికి 40,000 రూపాయల హద్దు ఉంది. హద్దులున్నప్పటికీ నిబంధనలు ఒకే తీరున, సులభంగా ఉండటం దాని గుణం. సామాన్యుడికి పోల్చి చూసుకోవడానికి అది మంచి కొలబద్ద. ఇతర పాలసీల్లో అయిదు వేల పరిమితి ఉండగా పది వేల గదిలో చేరితే అద్దెలోని తేడాతో సరిపోదు. వైద్యుల రుసుము, ఆపరేషన్ థియేటర్ ఖర్చు వగైరాలు కూడా అదే నిష్పత్తిలో కోతకు గురవుతాయి. మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, రోగనిర్ధారణ పరీక్షలను ఈ కోత నుంచి మినహాయించారు. ఆసుపత్రిలో చేరేటప్పుడు గది ఎంపిక చేసేది సాధారణంగా హడావుడిలో ఉన్న కొడుకో, కూతురో. తల్లిదండ్రుల పాలసీలో పరిమితి ఎంతో వారికి తెలిసి ఉండదు.

దరఖాస్తులో జబ్బులు దాచిపెట్టడం మరో ప్రమాదం. "రాయకపోతే ఏమీ కాదు" అని చెప్పే ఏజెంటు క్లెయిము వేళకు కనిపించడు. మధుమేహం, మూత్రపిండాల సమస్య దాచిన కేసులో క్లెయిము నిరాకరణను సుప్రీంకోర్టు 2009లో సమర్థించింది. 2021 డిసెంబరులో మరో తీర్పు వెలువడింది. విదేశీ ప్రయాణ బీమా తీసుకుని అమెరికా వెళ్లిన ఒక వ్యక్తికి విమానాశ్రయంలోనే గుండెపోటు వచ్చింది. తనకు మధుమేహం ఉన్నట్టు ఆయన ముందే తెలియజేశారు. అయినా కొలెస్టరాల్ మందుల సంగతి చెప్పలేదంటూ సంస్థ క్లెయిమును తిరస్కరించింది. ఆరోగ్య స్థితి తెలిసి పాలసీ ఇచ్చాక దానినే కారణంగా చూపి తప్పించుకోరాదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. పిల్లల దగ్గరకు ఏటా అమెరికా వెళ్లివచ్చే తెలుగు తల్లిదండ్రులకు ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న తేడా తెలియడం మంచిది: ఉన్న జబ్బు రాసినవారు గెలిచారు, దాచినవారు ఓడారు.

క్లెయిము తిరస్కరణకు గురైనప్పుడు ముందుగా సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను ఆ కార్యాలయం ఉచితంగా విచారిస్తుంది. న్యాయవాది అవసరం లేదు. హైదరాబాదులోనూ ఆ కార్యాలయం ఉంది.

ఎంత మంచి పాలసీ అయినా సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. నెలనెలా వాడే మాత్రలు, డాక్టరు ఫీజులు, పరీక్షలు పాలసీదారు జేబునుంచే పోతాయి. గ్రాట్యుటీగా వచ్చిన సొమ్ములో కొంత విడిగా వైద్యనిధిగా ఉంచుకోవడం ఇందుకే అవసరం. ఇల్లు కట్టడానికో, పిల్ల పెళ్లికో మొత్తం ఖర్చుచేసే మన అలవాటు ఇక్కడ అడ్డం వస్తున్నది.

ప్రభుత్వం ఏం చేయగలదు?

వ్యక్తులు జాగ్రత్తపడటంతో ఈ సమస్య పూర్తిగా తీరదు. యాభై అయిదులో ప్రీమియం కట్టలేని చిరుద్యోగికి పై లెక్కలన్నీ నిష్ఫలం. ఇరుగుపొరుగు దేశాలను చూస్తే శ్రీలంక దశాబ్దాలుగా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత చికిత్సనే నమ్ముకున్నది. అక్కడ పౌరుడు ఏ వయసులో ఉన్నా పాలసీ చూపనక్కర లేదు. చందా పద్ధతిన జాతీయ ఆరోగ్య బీమా నడుపుతున్న నేపాల్ డెబ్బై దాటినవారి చందాను తానే భరిస్తున్నది. అక్కడా డెబ్బయ్యే గీత కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఖజానా భారాన్ని బట్టి గీసే గీతలు ఇలాగే ఉంటాయి.

ఉచిత చికిత్స అర్హత వయసును 70 నుంచి 60కి తగ్గించాలని, పరిమితిని 10 లక్షలకు పెంచాలని పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2025 మార్చిలో సిఫారసు చేసింది. రెండూ ఒకేసారి జరగడానికి నిధుల కొరత అడ్డు చెప్పవచ్చు. అలాంటప్పుడు వయసు తగ్గింపునకే ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా ప్రకారం 2022లో దేశంలో అరవై దాటినవారు 14.9 కోట్లమంది, 2050 నాటికి ఈ సంఖ్య 34.7 కోట్లకు చేరుతుంది. దక్షిణాది రాష్ట్రాల్లో వృద్ధుల నిష్పత్తి దేశ సగటు కంటే ఎక్కువ.

పూర్తిగా ఉచితం చేయలేకపోతే మధ్యేమార్గం లేకపోలేదు. అరవై నుంచి డెబ్బై వరకు ఉన్నవారు తమ స్తోమతును బట్టి చందా చెల్లించి ఇదే ప్రధానమంత్రి పథకంలో చేరే వీలు కల్పించవచ్చు. ఆ పథకంలో నిరీక్షణ కాలం లేదు. పాత జబ్బులకు మొదటి రోజునుంచే చికిత్స అందుతుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు సీజీహెచ్ఎస్‌కు చందా కట్టి పొందుతున్న సదుపాయమే ఇతరులకూ చందాపై ఇవ్వడంలో సిద్ధాంతపరమైన అభ్యంతరం కనిపించదు. జబ్బుపడినవారే ఎక్కువగా చేరతారన్న భయం ఉంటే, ఉద్యోగ కాలంలోనే భవిష్యనిధితో పాటు స్వల్ప మొత్తం మినహాయించే పద్ధతి పెట్టవచ్చు. ఈఎస్ఐ ఇప్పటికే అలాంటి సూత్రంపైన నడుస్తున్నది. దాని వేతన పరిమితి 2017 తరవాత ఎన్నేళ్లపాటు కదలలేదో, జీతాలు ఈలోగా ఎంత పెరిగాయో చూస్తే, పరిధినుంచి జారిపోయిన కార్మికుల సంఖ్య ఏటా పెరుగుతూ వచ్చిందని గ్రహించడం కష్టం కాదు. విరమణ అనంతరం ఏడాదికి 120 రూపాయలకు దొరికే వైద్యసేవకు వారు అలా దూరమయ్యారు.